ఎక్స్‌లేటర్ తొక్కితే టిక్ టిక్

మారుతి ఓమ్ని వ్యాను తయారీ 2019లో ఆగిపోయినది గాని, మన పల్లెలలో ఆ బండి ఇంకా ఆగలేదు. పెండ్లికి, ఆసుపత్రికి, సంతకు, ఆదివారము నడవలేని పెద్దవారిని ఆరాధనకు తెచ్చుటకు చాలాచోట్ల అదే దిక్కు. పాతబడిన బండి గనుక, ఎక్స్‌లేటర్ తొక్కగానే సీటు క్రిందనుండి “టిక్ టిక్ టిక్” అని మొదలుపెడుతుంది. షెడ్డుకు తీసుకొని వెళితే “ఇంజను దించాలి” అను మాట వినబడుతుంది. ఆ మాటకు తల ఊపక ముందు ఇంటివారే చూచుకొనదగిన సంగతులు కొన్ని ఉన్నవి. ఎక్కువ భాగము డబ్బుకు సంబంధించినవే. ఒకటి మాత్రము ప్రాణమునకు సంబంధించినది. దానిని గూర్చి చివర కొంచెము వివరముగా వ్రాస్తున్నాము.

అసలు శబ్దము ఇంజనుదేనా? బండిని నిలిపి, న్యూట్రల్‌లో ఉంచి రేజ్ చేయండి. టిక్ టిక్ వచ్చి, రేజ్‌తోపాటు వేగముగా పెరిగితే అది ఇంజనుదే. నిలిపినప్పుడు ఏమియు లేక, దారిలో చక్రములు తిరిగే వేగమును బట్టి వస్తుంటే, ముందు టైర్లు చూడండి. టైరు గాడిలో ఇరుక్కున్న కంకరరాయి ఇంజను శబ్దమువలెనే వినబడుతుంది. రాయి తీయుటకు ఒక స్క్రూ డ్రైవర్ చాలును! నిలిపినప్పుడు రాకపోయినా, గేరులో లాగునప్పుడు, ఎత్తు ఎక్కునప్పుడు వస్తే మరల ఇంజనునే అనుమానించవలెను.

తరువాత ఆయిలు. సమనేలపై బండి నిలిపి, ఇంజను ఆపి, కొన్ని నిమిషములు ఆగండి. డిప్ స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మరల పూర్తిగా దించి తీసి చూడండి. ఆయిలు రెండు గుర్తుల మధ్య ఉండవలెను. ఈ ఇంజనులో వాల్వులను కదిలించే క్యామ్ షాఫ్టు పైన హెడ్డులో ఉంటుంది. అడుగున ఉన్న ఆయిలును పంపు అంత పైకి ఎక్కించవలెను. అందుచేత ఆయిలు తగ్గినప్పుడు టకటకలాడేది తరచుగా ఆ పై భాగమే. డ్యాష్‌బోర్డుమీద ఎర్రని ఆయిలు దీపము వెలిగితే మాత్రము వెంటనే ప్రక్కకు తీసి ఇంజను ఆపివేయండి. “ఊరు రెండు కిలోమీటర్లే కదా” అనుకుంటే, ఆ రెండు కిలోమీటర్లలోనే బేరింగులు పాడు కావచ్చును.

ఆయిలు సరిగానే ఉండి, రేజ్ చేసినప్పుడు సన్నగా, క్రమముగా, కుట్టుమిషను వలె వినబడితే అది ట్యాపెట్ల శబ్దమై యుండవచ్చును. దీనికి ఇంజను దించనవసరము లేదు. పై మూత విప్పి, చల్లని ఇంజనుమీద ఫీలర్ గేజ్ పెట్టి, బండి పుస్తకములో చెప్పిన గ్యాప్‌కు సరిచేయవలెను. శబ్దము పూర్తిగా పోవువరకు బిగించమని మాత్రము మెకానిక్‌ను తొందరపెట్టకండి. గ్యాప్ లేకపోతే వాల్వు తన సీటుమీద పూర్తిగా మూసుకొనదు. మూసుకొన్నప్పుడే వాల్వులోని వేడి హెడ్డులోనికి దిగుతుంది గనుక, అది దిగక వాల్వు కాలిపోతుంది. మా దృష్టిలో, కొంచెము పలికే ట్యాపెట్టు బొత్తిగా పలకని ట్యాపెట్టుకంటె మేలు. చిక్కని ఆయిలు పోసి శబ్దము అణచు వైద్యము కూడ ఒకటి ఉన్నది. అది జబ్బును దాచునే గాని మాన్పదు.

బరువు లాగునప్పుడు మాత్రమే గలగలమని, కాలు తీయగానే ఆగిపోతే అది నాకింగ్ కావచ్చును. కల్తీ పెట్రోలు, టైమింగ్ తేడా, లోపల పేరుకొన్న మసి దీనికి కారణములు. లోతుగా, సుత్తితో కొట్టినట్లు “డక్ డక్” మంటే అది టిక్ టిక్ కాదు, బేరింగుల సంగతి. ఆ బండిని నడపక, కట్టి లాగించుకొని పోవలెను.

ఇక ప్రాణమునకు సంబంధించినది. ఇంజనునుండి కాలిన వాయువు సైలెన్సర్ గొట్టములోనికి పోవు చోట మానిఫోల్డ్ ఉంటుంది. దాని ప్యాకింగు కాలినా, స్టడ్డు విరిగినా, ఆ సందులోనుండి వాయువు చిమ్మునప్పుడు సరిగ్గా ట్యాపెట్టువలెనే టిక్ టిక్ మంటుంది. గుర్తుపట్టుటకు ఒక ఆధారము ఉన్నది. ఉదయము చల్లని ఇంజను స్టార్టు చేసినప్పుడు గట్టిగా వచ్చి, వేడెక్కి లోహము వ్యాకోచించిన తరువాత తగ్గవచ్చును. ఎక్స్‌లేటర్ తొక్కితే మరల హెచ్చుతుంది. ఇంజను ఆపి, చల్లారిన తరువాత చూస్తే అతుకు దగ్గర నల్లని మసి చార కనబడుతుంది. అడుగు రబ్బరు గొట్టము ఒక కొన చెవి దగ్గర పెట్టుకొని, రెండవ కొన అతుకుల వెంబడి త్రిప్పితే శబ్దము ఎక్కడిదో తేలుతుంది. పైట, కండువా, చేతులు బెల్టుకు, ఫ్యానుకు దూరముగా ఉండవలెను.

అన్ని బండ్లలో ఇది చెడ్డదే. ఓమ్నిలో మరీ చెడ్డది. ఏలయనగా దాని ఇంజను ముందు సీట్ల క్రిందనే ఉన్నది. ఆ వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్‌కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. తలనొప్పి, వికారము, మత్తు వస్తే మనము ప్రయాణపు బడలిక అనుకొంటాము. అద్దములు మూసిన బండిలో పిల్లలందరు ఒకేసారి నిద్రమత్తుగా ఉంటే అనుమానించండి. బండి ఆపి, అందరిని బయటి గాలిలోనికి దించి, తేరుకొనకపోతే 108కు ఫోను చేయండి. గాలి కొరకని వెనుక డోరు ఎత్తి నడపకండి, పొగ లోపలికే లాగబడుతుంది. మూసిన కొట్టములో ఇంజను ఆడించి శబ్దము వినుట అసలే కూడదు.

ప్యాకింగు మార్పించుట, స్టడ్డు విరగకుండ ఊడివస్తే, చిన్న పనియే. పని అయిన తరువాత డబ్బు ఇచ్చే ముందు సీటు ఎత్తించి, ఇంజను మూత చుట్టునున్న రబ్బరు అంచు చూడండి. అది చీలినా, ఊడినా అదే రోజు క్రొత్తది వేయించి, మూత క్లిప్పులు గట్టిగా పడినవో లేదో మీ చేతితోనే నొక్కి చూడండి.