కష్టపెడితే నర్సు తయారవదు

కరీంనగర్‌లో కొత్తగా రిజిస్ట్రేషన్ చేతికొచ్చిన నర్సు ఎవరిని కదిపినా ఒకటే సలహా. "ముందు ఏదో ఒక ప్రైవేటు దవాఖానల చేరు బిడ్డా. జీతం సంగతి తర్వాత. రెండేండ్లు కష్టపడితే పని అదే వస్తది." ఇంట్లోవాళ్లు ఈ మాటే అంటారు, కాలేజీ మేడమ్‌లూ ఇదే అంటారు. ఇంటర్వ్యూ చేసే మేనేజర్ అయితే కొంచెం మెరుగు పెట్టి "ఇది నేర్చుకునే కాలం సిస్టర్" అంటాడు. అనేవాళ్లలో చాలామందికి ఆ అమ్మాయి మీద ప్రేమే ఉండొచ్చు. కానీ ఆ సలహా తప్పు. దానివల్ల ఆమె నష్టపోతుంది, ఆమె చేతుల్లో ఉన్న రోగి అంతకంటే ఎక్కువ నష్టపోతాడు.

పని అదే వస్తుందట. ఎవరు నేర్పితే వస్తుంది?

ఒక్క ఇన్సులిన్ సంగతి చూడండి. మన దేశంలో అది రెండు బలాల్లో దొరుకుతుంది. మిల్లీలీటరుకు 40 యూనిట్లది ఒకటి, 100 యూనిట్లది ఒకటి. సిరంజీలూ వేరు: ఎర్ర మూతది మొదటిదానికి, నారింజ మూతది రెండోదానికి. 100 బలం మందును ఎర్ర మూత సిరంజీలోకి 20 గీత దాకా తీస్తే రోగి ఒంట్లోకి పోయేది 50 యూనిట్లు. ఈ సంగతి పుస్తకంలో ఉంది, ఆ అమ్మాయి పరీక్షలో రాసి పాసైంది కూడా. కానీ రాత్రి రెండు గంటలకు వార్డంతటికీ ఒక్కతే ఉండి, ఒక మంచం దగ్గర సెలైన్ అయిపోయి, ఇంకో మంచం దగ్గర ముసలాయన కాన్యులా పీకేసుకుని, డాక్టరు ఫోన్‌లో తప్ప దొరకనప్పుడు ఆ పుస్తకం జ్ఞాపకం రాదు. పక్కన నిలబడి "ఆగు, సీసా మీద ఏం రాసుందో సదువు" అనే అనుభవజ్ఞురాలు కావాలి. ఆ మనిషి లేనిచోట కొత్త నర్సు నేర్చుకోవడం లేదు. రోగి మీద ప్రయోగం జరుగుతోంది, ఆ సంగతి రోగికి తెలియదు.

ఆదిలాబాద్ వైపు వానాకాలం ఇంకా కఠినం. ఉట్నూరు, నార్నూరు, ఇంద్రవెల్లి వైపు నుంచి జ్వరాల కేసులు దవాఖానలకు వరుస కడతాయి. డెంగీలో ప్రాణం మీదికొచ్చేది జ్వరం మండుతున్నప్పుడు కాదు, తగ్గుతున్నప్పుడు. ఇంటివాళ్లు "జర నయమైంది" అని ఊపిరి పీల్చుకునే ఆ గంటల్లోనే చేతులు చల్లబడతాయి, కడుపు నొప్పి మొదలవుతుంది, పై బీపీకి కింది బీపీకి మధ్య తేడా 20కి జారిపోతుంది. దాన్ని పట్టుకోవాల్సింది మంచం దగ్గరున్న నర్సే. పైగా రోగి తన బాధను గోండిలోనో కొలామీలోనో చెబుతుంటే జగిత్యాల నుంచి నిన్నగాక మొన్న వచ్చిన అమ్మాయికి సగం అర్థం కాదు. ఆమెను అక్కడ ఒంటరిగా వదిలి దానికి అనుభవమని పేరు పెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఇంతకీ ఆ అనుభవానికి విలువ ఎంత? రాష్ట్ర మెడికల్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు స్టాఫ్ నర్సు పోస్టులకు రాతపరీక్షకు 80 మార్కులు పెట్టింది, మిగిలిన 20 సర్కారు దవాఖానల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు ఇచ్చింది. గిరిజన ప్రాంతంలో ఆరు నెలలకు రెండున్నర పాయింట్లు, మిగతాచోట్ల రెండు. ప్రైవేటులో పదేళ్లు రాత్రింబవళ్లు చేసినా ఈ లెక్కలో వచ్చేది సున్నా. సర్కారు కొలువే మన ఇళ్లలో మొదటి ఆశ కదా. మరి ఆ ఆశకు ఏ రకంగానూ పనికిరాని రెండేళ్లను ఏ జీతానికైనా ఇచ్చేయమని ఎందుకు చెబుతున్నాం? గల్ఫ్‌కు పోవాలంటే అనుభవ పత్రం కావాలి, నిజమే. ఆ కాగితం యాజమాన్యం చేతిలో ఉంటుంది కాబట్టే అమ్మాయి నోరు మూసుకుని పనిచేస్తుంది. కొన్నిచోట్ల చేరిన రోజే ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకుంటారు. నేర్పే చోటును వదిలి ఎవరూ పారిపోరు. సర్టిఫికెట్లు దాచుకోవాల్సి వచ్చిందంటే ఆ దవాఖానకు తన సంగతి తనకు తెలుసన్నమాట.

జీతం గురించి మాట్లాడితే సేవాభావం లేదంటారు. నర్సుల జీతాల మీద 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం వేసిన కమిటీ తేల్చిన లెక్క ఇది: 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రిలో సర్కారు నర్సుతో సమానం, 100 నుంచి 200 పడకలుంటే పది శాతానికి మించి తగ్గకూడదు, 50 నుంచి 100 దాకా అయితే పాతిక శాతానికి మించి తగ్గకూడదు, 50 కన్నా తక్కువున్న చిన్న నర్సింగ్ హోమ్ అయినా కనీసం 20,000 రూపాయలు. ఎక్కడా "కొత్తవాళ్లకు మినహాయింపు" లేదు. కేరళలో నర్సులు ఏళ్ల తరబడి సమ్మెలు చేసి 2018లో 20,000 కనీస వేతనానికి ప్రభుత్వ నోటిఫికేషన్ సాధించారు. అక్కడి నర్సులకు సేవాభావం తక్కువని అనగలరా ఎవరైనా?

డాక్టర్లతో పోల్చి చూడండి. ఎంబీబీఎస్ ముగించినవాళ్లకు ఏడాది హౌస్ సర్జన్సీ ఉంటుంది. స్టైపెండ్ ఇస్తారు, పైన పీజీలు, ప్రొఫెసర్లు ఉంటారు, ఆ ఏడాది అయ్యాకే పూర్తి రిజిస్ట్రేషన్. నర్సుకు కోర్సులోనే ఇంటర్న్‌షిప్ ఉంది కదా అని వాదించేవాళ్లున్నారు. ఉంది. కానీ విద్యార్థినిగా ఉన్నప్పుడు సంతకం ఆమెది కాదు, బాధ్యతా ఆమెది కాదు. రిజిస్ట్రేషన్ వచ్చిన మర్నాడు రెండూ ఆమె మెడకే చుట్టుకుంటాయి. ఆ మార్పును దాటించే ఏర్పాటు లేకపోవడం గురించే నా ఫిర్యాదు. అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ ఈ దెబ్బ గురించి 1974లోనే పుస్తకం రాసింది. అక్కడి చాలా ఆసుపత్రులు ఇప్పుడు కొత్త నర్సులకు ఏడాది పాటు ప్రత్యేక శిక్షణ ఇస్తున్నాయి.

సర్కారునూ వదిలిపెట్టలేం. 2024 జనవరి 31న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చారు. మంచి పనే, ఎన్నో ఇళ్లలో పండుగ. అయితే అన్ని వేలమంది కొత్తగా వార్డుల్లోకి వస్తున్నప్పుడు ఎవరి పక్కన ఎవరిని నిలబెడుతున్నారో కూడా అంత గట్టిగానే చెప్పి ఉండాల్సింది. పక్కన నిలబడి నేర్పాలంటే సీనియర్‌కు తీరిక ఉండాలి, అది రోగుల లెక్క మీద ఆధారపడుతుంది. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయిన రోగుల మీద లిండా ఐకెన్ బృందం 2002లో చేసిన అధ్యయనంలో, నర్సుకు ఒక్క రోగి పెరిగితే నెల లోపల చనిపోయే అవకాశం 7 శాతం పెరుగుతోందని తేలింది.

"మేమూ ఇట్లనే నేర్చుకున్నం" అనే సీనియర్ సిస్టర్లతో గొడవ పడాలని లేదు. వాళ్ల చేతుల మీదుగానే ఈ జిల్లాలు బతికాయి. వాళ్లను ఒక్కటే అడుగుతాను: మీకు మొదటి కాన్యులా పెట్టడం నేర్పింది కష్టమా, ఒక అక్కా? కష్టం మాత్రమే దొరికి అక్క దొరకనివాళ్లు ఇప్పుడు ఏ వార్డులోనూ లేరు. వృత్తి వదిలేసి పోయారు, కాబట్టి వాళ్ల మాట మనకు వినిపించదు.

నేర్పడం మన దగ్గర కుదరని పనేం కాదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాద్ ఫెర్నాండెజ్ సంస్థ కలిసి మొదలుపెట్టిన మిడ్‌వైఫరీ శిక్షణ తొలి బ్యాచ్ కరీంనగర్ సర్కారు దవాఖానలోనే నడిచింది. అప్పటికే నర్సులైన 30 మందికి, పద్దెనిమిది నెలలు, పక్కన నిలబడి నేర్పేవాళ్లతో. ఏ జిల్లాలో? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో నూటికి 82 కాన్పులు ఆపరేషన్లేనని తేలిన జిల్లాలో. రిజిస్ట్రేషన్‌లో మిడ్‌వైఫ్ అని కూడా రాసి ఉన్న అమ్మాయి ఇక్కడి లేబర్ రూమ్‌లో రెండేళ్లు చేసినా మామూలు కాన్పులు ఎన్ని చూడగలదు? సమయం గడిస్తే పని వస్తుందన్న నమ్మకం ఈ అంకె ముందు నిలబడదు.

మొదటి మూడు నెలలు కొత్త నర్సును ఒంటరిగా నైట్‌కు వేయొద్దు. డ్యూటీ చార్టులో ఆమె పేరు పక్కన ఒక సీనియర్ పేరు రాయాలి, ఆ సీనియర్‌కు రోగుల్ని తగ్గించాలి, నేర్పినందుకు జీతంలో కలిపి ఇవ్వాలి. సర్టిఫికెట్లు చూసి తిరిగి ఇచ్చేయాలి. ఇందుకు కొత్త చట్టం రావాల్సిన పని లేదు, వీటిలో చాలావాటికి సూపరింటెండెంట్ సంతకం చాలు. ఇంటర్వ్యూకు బిడ్డ వెంట వెళ్లే అమ్మానాన్నలు కూడా జీతమెంతని అడిగాక, నైట్ డ్యూటీలో ఆమెతో ఎవరుంటారని మేనేజర్‌ను అడగాలి. పేరు చెప్పలేకపోతే ఆ దవాఖానలో చేర్పించవద్దు.