ఇంటర్వ్యూలో పాత కంపెనీ గుట్టు అడుగుతున్నారా? జర పైలం!

యాసంగిలో హుజూరాబాద్ నుంచి జమ్మికుంట రోడ్డు పట్టుకుని ఒకసారి వెళ్లి చూడండి. పొలాల్లో ఇద్దరు మనుషులు చెరో కొస పట్టుకుని పొడవాటి తాడును వరి కంకుల మీదుగా లాక్కుంటూ నడుస్తుంటారు. కొత్తవాళ్లకు అదేదో ఆటలా అనిపిస్తుంది. మగ సాళ్ల పుప్పొడి ఆడ సాళ్ల మీద పడాలని చేసే పని అది. మనవాళ్లు 'ఆడ మగ వరి' అంటారు. దేశంలో అమ్ముడుపోయే హైబ్రిడ్ వరి విత్తనంలో పెద్ద వాటా పాత కరీంనగర్, వరంగల్ జిల్లాల నుంచే పోతుంది.

టెక్నాలజీ మీద రాసేవాడికి పొలం ముచ్చట ఎందుకంటారా? కార్పొరేట్ గూఢచర్యం అనగానే మనకు సినిమా సీన్లే గుర్తొస్తాయి. చీకటి గది, హుడీ వేసుకున్న హ్యాకర్, స్క్రీన్ మీద పచ్చ అక్షరాలు. అసలు సంగతి చాలా మామూలుగా ఉంటుంది. ఒక విత్తన కంపెనీ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన అంతా ఆ ఆడ, మగ గింజల్లోనే ఉంటుంది. ఆ గింజలు ఆర్గనైజర్ చేతుల మీదుగా రైతుకు చేరి, గోడ లేని, సీసీ కెమెరా లేని మడిలో నాలుగు నెలలు నిలబడి ఉంటాయి. కంపెనీ గుట్టు మన ఊరి రోడ్డు పక్కన ఎండకు ఎండుతోందన్నమాట.

ఇది ఊహించి చెబుతున్న ప్రమాదం కాదు. 2011లో అమెరికాలోని అయోవాలో పయనీర్ కంపెనీకి సంబంధించిన మొక్కజొన్న చేనులో ఒకాయన మోకాళ్ల మీద కూర్చుని తవ్వుతుంటే అక్కడి మనిషి పట్టుకున్నాడు. ఆయన పేరు మో హైలాంగ్. చైనాకు చెందిన ఒక వ్యవసాయ కంపెనీ ఉద్యోగి. మొదట యూనివర్సిటీ పని మీద వచ్చానని బుకాయించాడు. ఎఫ్‌బీఐ వెంటపడితే, ఆయన మనుషుల సామాన్లలో పాప్‌కార్న్ డబ్బాల్లో దాచిన గింజలు బయటపడ్డాయి. ఒక తల్లి రకం చేజారితే 5 నుంచి 8 ఏళ్ల పరిశోధన, కనీసం 3 కోట్ల డాలర్లు పోయినట్టేనని కేసులో లెక్క కట్టారు. 2016లో నేరం ఒప్పుకున్నాడు, మూడేళ్ల జైలు పడింది. హ్యాకింగ్ ఏదీ లేదు, తవ్వడానికి చేతులు చాలు.

మన వరి దగ్గర ఒక తెలివైన ఏర్పాటు ఉంది. హైబ్రిడ్ వరికి మూడు లైన్లు కావాలి. ఆడది ఏ లైన్, దాన్ని మళ్లీ పెంచడానికి పనికొచ్చేది బీ లైన్, మగది ఆర్ లైన్. రైతు మడిలోకి వచ్చేవి ఏ, ఆర్ మాత్రమే. బీ లైన్ ఈ మడిలోకి రాదు. ఏ లైన్ గింజ దొంగిలించినా బీ లేకుండా దాన్ని దాని రూపంలో నిలబెట్టలేరు. మగ గింజ మాత్రం దానంతట అది పండుతుంది కాబట్టి ఆ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అంటే పూర్తి రక్షణ లేదు గానీ, మొత్తం ఒక్కచోట పెట్టకపోవడం వల్ల సగం దొంగతనం వృథా అవుతుంది. ఈ మాట నేను ఏ సైబర్ సెక్యూరిటీ కోర్సులోనూ ఇంత బాగా నేర్చుకోలేదు. మన దగ్గర స్టార్టప్ పెట్టిన కుర్రాళ్లు చాలామంది ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్‌ను వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఇంటర్న్ నుంచి అకౌంటెంట్ దాకా అందరికీ అదే ఇస్తారు.

ఇక మీ సంగతికి వద్దాం. మీరు కంపెనీ యజమాని కాకపోవచ్చు. కానీ గుట్టు బయటికి పోయే తలుపు మాత్రం మీరే. మూడేళ్ల కింద హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో పని చేస్తుండగా నాకు ఇంకో కంపెనీ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. మొదటి రెండు రౌండ్లు కోడింగ్. మూడో రౌండ్‌లో ఒక పెద్దాయన చాలా మర్యాదగా, 'మీ ప్రొడక్ట్ బాగుంటుందట కదా, పెద్ద క్లయింట్‌కు లైసెన్స్ ఎంతకిస్తున్నారు?' అన్నాడు. చెప్పాను. 'వచ్చే రిలీజ్‌లో ఏం తెస్తున్నారు?' అన్నాడు. అదీ చెప్పాను. నన్ను అంత పెద్ద మనిషిని చేసి అడుగుతుంటే గర్వంగా అనిపించింది, అబద్ధమెందుకు. క్లయింట్ పేర్లు అడిగేసరికి నోరు ఆగింది. తర్వాత వాళ్లు ఫోన్ చేయలేదు. నెల తిరగకుండా మా టీంలోనే ఇంకొకరికి అదే పిలుపు, అవే ప్రశ్నలు. ఆ ఉద్యోగం అసలు ఉందో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

కాబట్టి ఇంటర్వ్యూలో మీరు ఏం చేశారో చెప్పండి. ఎంతకు అమ్మారు, ఎవరికి అమ్మారు, రేపు ఏం చేస్తారు అన్నవి మీవి కావు. 'అది మా కంపెనీ విషయం సార్, చెప్పలేను' అనడానికి సిగ్గుపడొద్దు. ఆ మాటకు మొహం మాడ్చుకునే కంపెనీలో చేరితే రేపు మీ పని గుట్టు కూడా వాళ్లు అలాగే చూస్తారు.

లాగిన్ విషయంలో మన కుర్రాళ్ల అలవాటు ఇంకా భయంగా ఉంటుంది. 'అన్నా, నీ ఐడీ ఒకసారి ఇవ్వవా' అంటే కాదనలేం. అమెరికాలో ఎపిక్ సిస్టమ్స్ అనే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కంపెనీ 2014లో టీసీఎస్ మీద కేసు వేసింది. ఒక క్లయింట్ పని కోసం తీసుకున్న లాగిన్‌తో తమ పోర్టల్ నుంచి 6 వేలకు పైగా పత్రాలు దించుకున్నారని ఆరోపణ. టీసీఎస్ ఒప్పుకోలేదు. 2016లో జ్యూరీ 94 కోట్ల డాలర్లు కట్టమంది. పై కోర్టుల్లో అది తగ్గుతూ వచ్చి, నష్టపరిహారం 14 కోట్లు, జరిమానా 14 కోట్ల డాలర్ల దగ్గర ఆగింది. డౌన్‌లోడ్ బటన్ నొక్కిన వాళ్లు మనలాంటి ఇంజినీర్లే కదా.

2023లో శాంసంగ్ ఇంజినీర్లు కోడ్‌లో తప్పు వెతకమని చాట్‌జీపీటీలో అతికించారు. గూఢచారి ఎవరూ లేరు, కంపెనీ కోడ్ మాత్రం గడప దాటింది. ఆఫీసు కోడ్‌ను ఉచిత ఏఐలో పేస్ట్ చేసే ముందు ఆ సంగతి గుర్తుకు తెచ్చుకోండి.

వ్యాపారం చేస్తున్నవాళ్లు గమనించాల్సినవీ ఉన్నాయి. మీరు కొటేషన్ ఇచ్చిన ప్రతిసారీ పోటీదారుడిది కొద్దిగా తక్కువ వస్తోందా? నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాడు ఎప్పుడూ తెరవని ఫోల్డర్లు తెరుస్తున్నాడా? ప్రాజెక్ట్ వర్క్ అని చెప్పి మీ సప్లయర్ల ధరలు అడిగే 'స్టూడెంట్' ఫోన్ చేశాడా? ఒక్కటే జరిగితే యాదృచ్ఛికం కావచ్చు. రెండు, మూడు కలిస్తే లాగిన్ రికార్డులు తీసి చూడండి. మనిషి మానేసిన రోజే అతని యాక్సెస్ తీసేయాలి. హుజూరాబాద్‌లో నేను చూసిన రెండు దుకాణాల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు మాత్రం పోయిన ఏడాది మానేసినవాడి పాస్‌వర్డ్‌తోనే ఇంకా నడుస్తున్నాయి.

అయితే భద్రత పేరుతో కంపెనీలు చేసే పని నాకు నచ్చదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు లాక్కోవడం, బాండ్లు రాయించుకోవడం, 'రెండేళ్లు పోటీ కంపెనీలో చేరకూడదు' అని సంతకం పెట్టించడం. భారత కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం మానేశాక ఇంకోచోట చేరకుండా ఆపే షరతు చెల్లదు. అలాగని లాప్‌టాప్ ఖాళీ చేసుకుని పోవచ్చని కాదు. అనుమతి లేకుండా, దురుద్దేశంతో డేటా కాపీ చేస్తే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం కావాలని లా కమిషన్ 2024 మార్చిలో తన 289వ నివేదికలో ముసాయిదాతో సహా సిఫార్సు చేసింది. అది వస్తే రైతును, ఉద్యోగిని దొంగగా చూడని విధంగా రావాలి. 2019లో గుజరాత్‌లో తమ ఆలుగడ్డ రకం పండించారని రైతుల మీద పెప్సికో కోటి రూపాయలకు పైగా దావా వేసి, గోల లేచాక వెనక్కి తీసుకుంది. పంట విత్తనం దాచుకుని మళ్లీ వేసుకునే హక్కు రైతుకు 2001 చట్టమే ఇచ్చింది.

చివరి రోజు చేయాల్సిన పని ఒకటి చెబుతాను. లాప్‌టాప్ అప్పగించినట్టు రసీదు తీసుకోండి. మీ సొంత డ్రైవ్‌లో ఆఫీసు ఫైళ్లుంటే తీసేసి, కంపెనీ సమాచారం నా దగ్గర ఏమీ లేదని హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ పెట్టండి. నేను మొదటి ఉద్యోగం వదిలినప్పుడు 'నేను రాసిందే కదా' అని ఒక మాడ్యూల్ కోడ్ డ్రైవ్‌లో దాచుకున్నాను. ఒక్కసారి కూడా తెరవలేదు. ఈ వ్యాసం రాయడానికి కూర్చునే ముందు దాన్ని తీసేశాను.