తగవు ఒకటే, తీర్పులు మూడు

పారిస్‌కు దగ్గర్లోని ఫోంటెన్‌బ్లోలో ఇన్సియాడ్ అనే పేరుమోసిన బిజినెస్ స్కూల్ ఉంది. 1970లలో అక్కడ పాఠాలు చెప్పిన అమెరికన్ ప్రొఫెసర్ ఓవెన్ జేమ్స్ స్టీవెన్స్ పరీక్షలో ఒక తగవు ఇచ్చాడు. ఒక కంపెనీలో ఇద్దరు విభాగాధిపతులకు పడటం లేదు. కారణమేంటి, ఏం చేయాలి? ఫ్రెంచి విద్యార్థుల్లో ఎక్కువమంది ఆ ఇద్దరి పైఅధికారి పట్టించుకోకపోవడమే తప్పన్నారు, తీర్పు ఆయనే చెప్పాలన్నారు. ఎవరి పని ఎంతవరకో ఎక్కడా రాసిపెట్టకపోవడమే తంటా అని, ముందు పద్ధతులు ఏర్పరచాలని జర్మన్లు తేల్చారు. బ్రిటిష్ వాళ్లకు అది మనుషుల మధ్య పొసగని వ్యవహారంలా కనిపించింది. ఇద్దరినీ కలిపి శిక్షణకు పంపితే సరిపోతుందన్నారు.

మాస్టారు ఒకరే, కోర్సూ ఒకటే. తేడా విద్యార్థులు పెరిగిన దేశాల్లో ఉంది, సిలబస్‌లో కాదు.

ఎంబీఏ సిలబస్‌లను పోల్చేవాళ్లు సాధారణంగా సబ్జెక్టుల పట్టికలు ముందేసుకుంటారు. ఫైనాన్స్, మార్కెటింగ్, స్ట్రాటజీ ఎక్కడైనా ఉండేవే. వాటిని చూసి చదువు తీరు చెప్పడమంటే శుభలేఖ చూసి సంబంధం మంచిచెడ్డలు తేల్చడమే. జపాన్‌లో ఆ పట్టికకున్న విలువే తక్కువ. అక్కడి పెద్ద కంపెనీలు డిగ్రీ అయిన కుర్రాళ్లను ఏప్రిల్‌లో చేర్చుకుని, విభాగాలన్నీ తిప్పి, పని తామే నేర్పుకుంటూ వచ్చాయి.

మన దగ్గర అసలు సంగతి పట్టికలో కాదు, తరగతి గదిలో ఉంది. 1961లో ఐఐఎం అహ్మదాబాద్ హార్వర్డ్ తోడ్పాటుతో మొదలైంది, కంపెనీల అసలు సమస్యలను తరగతిలో చర్చించే కేస్ పద్ధతీ అక్కడినుంచే వచ్చింది. హార్వర్డ్‌లో చాలా కోర్సుల్లో సగం దాకా మార్కులు తరగతిలో మాట్లాడినందుకే. ప్రొఫెసర్ మాటకు అడ్డు చెప్పడం అక్కడ మర్యాదే. డచ్ పరిశోధకుడు హాఫ్‌స్టెడ్ ఐబీఎం ఉద్యోగుల సర్వేలతో వేసిన లెక్కలో, పైవాడి పెత్తనాన్ని ఎంత సహజంగా ఒప్పుకుంటారన్న కొలతకు అమెరికాకు 40 వస్తే భారత్‌కు 77 వచ్చింది. ఒక్క కంపెనీ జనంతో దేశాన్ని తూచడం ఎంత సబబన్న వాదన ఎలాగూ ఉంది. కానీ ఇంటర్ రెండేళ్లూ కార్పొరేట్ కాలేజీలో నోరు మెదపకుండా కూర్చున్న పిల్లాణ్ని ఐఐఎంలో చూస్తే ఆ తేడాకు సర్వే అక్కర్లేదు. మొదట్లో చెయ్యెత్తడు. నెల తిరిగేసరికి ఎత్తుతాడు, అయితే 'సీపీ' కోసం, అంటే క్లాస్ పార్టిసిపేషన్ మార్కుల కోసం. పక్కవాడు చెప్పిందే మాటలు మార్చి మళ్లీ చెబుతాడు. పద్ధతి వచ్చింది గానీ దాని వెనకున్న ధిక్కారం రాలేదు.

అరువు తెచ్చుకోని నమూనా కూడా ఉంది. 1979లో పాల సహకారోద్యమ సారథి వర్ఘీస్ కురియన్ గుజరాత్‌లోని ఆనంద్‌లో పెట్టిన గ్రామీణ మేనేజ్‌మెంట్ సంస్థ ఇర్మాలో విద్యార్థులు కొన్ని వారాలు పల్లెలో ఉండి రావాలి. అక్కడి సహకార సంఘంలో కులం, పాల ధర, సర్పంచ్ మాట ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో కేస్ చదివితే తెలియదు.

స్టీవెన్స్ ప్రశ్న హైదరాబాద్ గచ్చిబౌలిలోని బిజినెస్ స్కూల్లో ఇస్తే చాలామంది ఫ్రెంచి జవాబే రాస్తారేమో. ఒకరిద్దరు మాత్రం ఇద్దరికీ కావలసిన పెద్దమనిషిని పిలిచి, భోజనానికి కూర్చోబెట్టి, సర్దిచెప్పించమంటారు. మన కుటుంబ వ్యాపారాల్లో రోజూ జరిగేది అదే. దానికి మార్కులు వేసే జవాబుల కీ మాత్రం ఇంకా తయారు కాలేదు.