వాన పడితే పెరిగిన రేటు ఎవరి జేబులోకి?

నాలుగు చినుకులు పడితే చాలు, సెల్లులో కిరాయి ఇంతకింత అవుతుంది. అవసరం మనది, సరే అంటాం. బండి బొమ్మ కదుల్తుంది, ఆగుతుంది, క్యాన్సిల్! మళ్ళీ బుక్ చేస్తే ఇంకో ఇరవై ఎక్కువ. నైట్ డ్యూటీ దిగి రోడ్డు మీద నిలబడ్డ ఆయమ్మ ఎవర్ని తిట్టాలి? కంటికి కనపడేది డ్రైవరే కాబట్టి అతన్నే తిడుతుంది.

ఆ డ్రైవరెవరు? ఫైనాన్సులో బండి తీసుకుని కిస్తీలు కట్టే మన వాడల పిల్లగాడే. మూడు కిలోమీటర్లు ఖాళీగా వచ్చి రెండు కిలోమీటర్ల బేరం చేస్తే ఆయిల్ ఖర్చు కూడా రాదు. (బస్తీ పేరు చూసి రద్దు చేసేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళని మేం వెనకేసుకురాం.)

కేంద్రం 2020లో మూల కిరాయికి ఒకటిన్నర రెట్లు దాటొద్దన్న రద్దీ రేటును 2025 జూలైలో రెండు రెట్లకు పెంచింది. సొంత బండి డ్రైవరుకు కిరాయిలో కనీసం 80 శాతం దక్కాలంది. బాగుంది. దక్కిందో లేదో చూసేదెవరు? ఎక్కినవాడికి తను కట్టిందే తెలుసు, నడిపినవాడికి తనకు ముట్టిందే తెలుసు. మధ్యలో లెక్క కంపెనీ గుప్పిట్లో ఉంది. ఫోను రకాన్ని బట్టి రేటు మారుతోందన్న ఫిర్యాదులపై 2025 జనవరిలో ఓలా, ఊబర్‌లకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసులిచ్చింది. అదేం లేదన్నాయి కంపెనీలు. మరి లెక్క బయట పెట్టడానికి అడ్డేంటి?

ఆటో మీటరుకు సర్కారు సీలుంది. తిరగని మీటర్ల సంగతి వేరే కథ. యాప్‌కు సీలేది? కట్టిన కిరాయి, కంపెనీ కమీషనో రోజు ఫీజో, డ్రైవరు వాటా, అన్నీ ఒకే బిల్లులో ఇద్దరి ఫోన్లలోనూ కనపడాలి. రవాణా శాఖను మేం అడుగుతున్నది ఇదే.