పేరు లేని పతకం

ఢిల్లీలో పాత వస్తువులు అమ్మే ఒక దుకాణంలో నాకొక వెండి పతకం దొరికింది. ఒకవైపు గులాబీల దండ నడుమ అయిదవ జార్జి, మేరీ రాణి. రెండవవైపు పారశీక లిపి. ఆంగ్ల సాహిత్యం చదువుకొని, అనువాదాలతో పొట్టపోసుకొనే నాకు అందులో ఒక్క అక్షరమూ తెలియదు. పారశీకం వచ్చిన మిత్రుడు చదివి అర్థం చెప్పాడు: హిందూదేశ చక్రవర్తి, బ్రిటిష్ రాజ్యాలకు ప్రభువు అయిన అయిదవ జార్జి దర్బారు.

1911 డిసెంబరు 12న జరిగిన ఢిల్లీ దర్బారుకు జ్ఞాపకార్థం ఇచ్చిన పతకమది. రాజధాని కలకత్తానుండి ఢిల్లీకి మారుతుందని ప్రకటించింది ఆ సభలోనే. ఆ ఏడే గద్దెనెక్కిన నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ కూడా హైదరాబాదునుండి వచ్చాడు. సంస్థానాధీశులకు, ఉన్నతాధికారులకు బంగారు పతకాలు ఇచ్చారు, తక్కినవారికి వెండివి.

పతకం అంచు తిప్పి చూశాను. యుద్ధ పతకాల అంచున గ్రహీత పేరు చెక్కడం నాటి బ్రిటిష్ సైన్యంలో వాడుక. దర్బారు పతకాన్ని మాత్రం పేరు లేకుండానే ఇచ్చారు. ఇది ఎవరి గుండెలమీద వేలాడిందో చెప్పే కాగితం ఎప్పుడో పోయింది. దుకాణదారుకూ తెలియదు. ఏ అనువాదకుడూ పూరించలేని ఖాళీ అది.

మీ ఇంటి పెట్టెలో తాతగారి పతకమేదైనా ఉంటే, మెరుపుకోసం తోమకండి. తోమితే అరిగేది చెక్కడమే. ఆయన పేరు, ఊరు, చేసిన కొలువు ఒక చీటీమీద వ్రాసి దానితోపాటు ఉంచండి. చెప్పగలవారు ఉండగానే ఆ పని చేయండి.