48 గంటల పందెము



గత మాసమున నొక సోదరి నాకు వ్రాసిన లేఖలో నిట్లడిగినది: "మా పెద్దవాడు హేమ్ రేడియో లైసెన్సు సంపాదించినాడు. డాబామీద తీగలు కట్టినాడు. శనివారము తెల్లవాఱుజామున గదిలో ప్రవేశించి సోమవారము ఉదయమునకు గాని వెలుపలికి రానని చెప్పుచున్నాడు. ఇది యేమి వ్యసనము? దీనివలన నింటికి ప్రమాదము లేదు గదా? మాన్పింతునా?" మొదటి ప్రశ్న చదివి నవ్వుకొంటిని. రెండవదానికి నవ్వు రాలేదు. మూడవదానికి నా యుత్తరము: మాన్పింపవలదు. కాని యా గదిలో నేమి జరుగుచున్నదో తల్లికి తెలిసియుండవలయును.

ప్రభుత్వమువారి పరీక్షయందుత్తీర్ణులై, లైసెన్సు పొంది, ధనాపేక్ష లేక సొంత రేడియో కేంద్రమును నడుపుకొనువారినే హేములందురు. ప్రతి కేంద్రమునకు నొక పిలుపుపేరు గలదు. మన దేశపు పేరులు చాలవఱకు వి.యు. అను నక్షరములతో మొదలగును. వీరు జరుపుకొను పందెములలో మిక్కిలి ప్రసిద్ధమైనది సీక్యూ వరల్డ్ వైడ్ అనునది. అక్టోబరు కడపటి పూర్తి శని యాదివారములలో మాటలతోను, నవంబరు కడపటి పూర్తి శని యాదివారములలో మోర్సు సంకేతములతోను జరుగును. గ్రీనిచ్ కాలము ననుసరించుటచే మనకు శనివారము ఉదయము 5-30 గంటలకు మొదలై, సరిగా 48 గంటలకు, సోమవారము ఉదయము 5-30 గంటలకు ముగియును. ఖండాంతరమువారు దొరకిన 3 మార్కులు. మన ఖండములోని పరదేశమువారైన 1 మార్కు. సొంత దేశమువారితో మాటాడిన మార్కు లేదు గాని, ఆ దేశమును ఆ మండలమును లెక్కకు వచ్చును. ప్రపంచమును 40 మండలములుగా విభజించినారు; మనది 22వది. వచ్చిన మార్కులను, పట్టిన దేశముల మండలముల మొత్తముచే గుణింతురు. కావున పట్టిన దేశమునే మరల నొకమారు పలుకరించుట కంటె, ఎక్కడనో సముద్రమధ్యమున నున్న చిన్న దీవి నొక్కదానిని పట్టుట లాభము.

వారి సంభాషణము విన్నచో మీకు వింతగా నుండును. "ఐదు తొమ్మిది, ఇరువదిరెండు," అంతే. మొదటి రెండంకెలు ఎదుటివాని మాట యెంత స్పష్టముగా వినబడుచున్నదో తెలుపునవి. తరువాతిది మన మండలము. స్పష్టముగా వినబడినను, నూతిలోనుండి వచ్చినట్లున్నను అందఱికిని ఐదు తొమ్మిదియే యిత్తురు. పెండ్లి విందులో వడ్డించువాడడుగగా "చాల బాగున్నది" అనుట వంటిది.

ఇక నిద్ర మాట. పది, పదునైదు మీటర్ల తరంగములు పగటివేళ దూరదేశములకు బోవును; నలువది, యెనుబది మీటర్లవి రాత్రియందు బోవును. కావున రాత్రి పగలనక ఆకాశమున నేదో యొక ద్వారము తెఱచియే యుండును. నిద్రించిన గంటలో నెన్ని దేశములు దాటిపోయెనో యని వారి బెంగ. ప్రమాదము పుట్టునది యిక్కడనే. యంత్రమునకు గాని తీగకు గాని స్వభావముచే ద్వేషము లేదు; నిద్రలేని కన్నును, త్వరపడు చేయియు వాటికి దొరకినప్పుడే యవి కఱచును.

మా యింటి సంగతి చెప్పెదను. మా మఱదికి పందెములన్న ప్రాణము. 2023 నవంబరు పందెమున ఆదివారము తెల్లవాఱుజామున రెండు గంటలకు గదిలో టప్పున శబ్దమైనది. నేను లేచి వెళ్లితిని. మావారు బడిలో పిల్లలకు విద్యుచ్ఛక్తిని బోధించువారే యైనను ఆ వేళ గాఢనిద్రలో నుండిరి. మఱది వాల్వుల ఆంప్లిఫయరు ఆగిపోయినది. అతడు గోడనుండి ప్లగ్గు ఊడబెఱికి, మరలు విప్పి, మూత తీసి, ఫ్యూజు ఎక్కడ పోయెనో యని లోనికి చేయి పెట్టబోవుచున్నాడు. "కఱ్ఱ యేది నాయనా?" అంటిని. "ప్లగ్గు తీసితిని గదా వదినా! మీటరు ముల్లు సున్న చూపుచున్నది," అన్నాడు. "అయినను ముట్టింపుము," అంటిని. ముట్టించినాడు. దీపావళి టపాకాయవలె ప్రేలి నీలిమెఱుపు మెఱసినది. ఇద్దఱమును కొంతసేపు మాటలాడలేదు.

ఆ కఱ్ఱ యేమన, విద్యుత్తు ప్రవహింపని ఫైబరు పిడికి కొనను లోహపు కొంకి యుండి, ఆ కొంకినుండి లావైన తీగ యొకటి యంత్రపు లోహపు పెట్టెకు ముందే బిగింపబడి యుండును. వాల్వుల ఆంప్లిఫయరులో రెండు మూడు వేల వోల్టుల పీడనముండును. దానిని నిలువచేయు కండెన్సరులు, మన యింటి ఫంకాకు నున్నవాని జాతియే గాని చాల బలిష్ఠములు, ప్లగ్గు తీసినంతమాత్రమున ఖాళీ కావు. ఆ నిలువను మెల్లగా హరించుటకు కొన్ని రెసిస్టరులు అమర్చియుందురు. సాధారణముగా నొక నిమిషమో, రెండు నిమిషములో చాలును. ఆ రాత్రి మా మఱది యంత్రములో నా రెసిస్టరుల వరుసయే తెగిపోయినది. ముల్లును నడపు తీగయు నా వరుసలోనిదే యగుటచే నది సున్న చూపినది. బిందె నిండియుండగా, లోతు చూచు పుల్ల విఱిగి "నీరు లేదు" అని చెప్పినట్లయినది. అందుచే ప్లగ్గు తీయుట, కొంతసేపు నిరీక్షించుట, కఱ్ఱ ముట్టించుట, ముట్టించినదానిని పని ముగియువఱకు అక్కడనే తగిలించియుంచుట, ఇవన్నియు జరిగినగాని లోన చేయి పెట్టరాదు. పెట్టునప్పుడును ఒక చేయి వెనుకకు పెట్టుకొనవలయును. రెండు చేతులును లోన నుండిన విద్యుత్తు ఒక చేతినుండి రెండవ చేతికి గుండెమీదుగా బోవును.

మెయిను స్విచ్చి యెక్కడ నున్నదో ఇంటిలో ప్రతివారికిని తెలియవలయును. షాకు తగిలినవానిని ముందు ముట్టుకొనరాదు. ముందు స్విచ్చి, తరువాత మనిషి. ప్రేమచేత పరుగెత్తి పట్టుకొన్న తల్లులు తామును పోయినారు.

డాబామీది తీగ మన స్త్రీల రాజ్యములోనిది గనుక కొంచెము వివరింతును. ఖాళీగా కనబడు తీగను చూచినచో చీర ఆఱవేయబుద్ధి పుట్టుట సహజము. కాని కేంద్రము పలుకుచుండగా నా తీగ కొనలయందు పీడన మత్యధికము; నూఱు వాట్ల యంత్రమైనను వ్రేలు తాకిన కాలి, లోపలికంట నొచ్చును. తీగ కొనలు పిల్లల చేతికందని యెత్తున నుండవలయును. కరెంటు తీగలకు పైగా గాని, క్రిందుగా గాని, గాలికి తెగి మీదపడునంత దాపుగా గాని రేడియో తీగను కట్టనే రాదు.

అక్టోబరు నవంబరులు మన కోస్తాలో వానల కాలము. పందెమును ఆ కాలముననే వచ్చును. పిడుగు తీగమీదనే పడనక్కఱలేదు. చేరువలో పడినను చాలును. మబ్బు కమ్ముచుండగనే కేబులు విప్పి కిటికీ వెలుపలకు విడువవలయును. ఉఱుములు వినబడిన పిమ్మట విప్పబోవుట మఱింత తప్పు. అప్పుడు దాని నట్లే విడిచి గదిలోనుండి లేచిరావలయును. మఱియొక పొరపాటు చాల యిండ్లలో చూచితిని. రేడియోకొక ఎర్తు, ఇంటి కరెంటుకు వేఱొక ఎర్తు పాతి, రెంటిని కలుపక విడిచిపెట్టుదురు. పిడుగువేళ నా రెంటికిని నడుమ భేదము పుట్టి యంత్రముల మీదుగా దూకును. రెండును లావైన రాగితీగతో కలిసియుండవలయును.

కరెంటు పోయినప్పుడు వాడు బ్యాటరీ పండ్రెండు వోల్టులదే, షాకు కొట్టదు. అందుచే దానిని లెక్కచేయము. నూఱు వాట్ల యంత్రము నడచుటకే 20 ఆంపియర్లు కావలయును. బ్యాటరీ యంతకు బహుగుణములు ఒక్క క్షణములో నీయగలదు. రెండు కొనలకు నడుమ బంగారు గాజు తగిలెనేని, రెప్పపాటులో నెఱ్ఱగా కాగును, చేతినుండి రాదు. దుమ్ము దులుపుటకైనను గాజులు ఉంగరములు తీసి దగ్గఱకు బోవలయును. కొనలకు రబ్బరు తొడుగు లుండవలయును. నీరుపోయు సీసపు బ్యాటరీ చార్జి యగునపుడు హైడ్రోజను వెలువడును. దానిని దేవునిగది మూలనుంచి ప్రక్కనే దీపము వెలిగించుట యెఱుగక చేయు సాహసము.

ఇన్ని భయములు చెప్పి, మాన్పింపవలదనుట యేల? 2004 డిసెంబరులో భారతీప్రసాదుగారను హేము హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పక్షమున పోర్టుబ్లెయిరునకు వెళ్లి కేంద్రము నెలకొల్పిరి. అండమాను దీవుల పలుకు దొరకుట యప్పటికి దుర్లభమగుటచే ప్రపంచమున హేములందఱును ఎగబడిరి. 26వ తేదీ ఉదయమున భూకంపమును సునామియు వచ్చినవి. ఆమె సరదా సంభాషణములను నిలిపివేసి, అదే యంత్రముతో, అవే తీగలతో దీవులలోని బాధితుల క్షేమవార్తలను బంధువులకు చేర్చ మొదలిడిరి. కిక్కిరిసిన ఘోషలో నొక్క పిలుపును ఏఱి పట్టు నేర్పు పందెములయందు వచ్చునదే. ఈ హేములు తమలోని స్త్రీని, ఎనుబదియేండ్ల అవ్వయైనను, "యంగ్ లేడీ" యనియే వ్యవహరింతురు. లేఖ వ్రాసిన సోదరి యీ మర్యాదను గూడ గమనింప గోరుచున్నాను. పరీక్ష తల్లులకును తెఱచియే యున్నది.

ఆమె చేయవలసినది: పందెమునకు ముందటి శుక్రవారము సాయంకాలము, వెలుతురుండగనే, కుమారునితో గదిలో గూర్చుండి ప్రతి తీగ యెక్కడికి బోవునో చూపుమని యడుగవలయును. వదులైన ప్లగ్గు, ఎండకు పగిలిన కేబులు తొడుగు, వేడెక్కు అతుకు, ఇవి యప్పుడు బయటపడును. మఱమ్మతు లన్నియు ఆనాడే.

మా యింట నొక కట్టుబాటు చేసితిని. అర్ధరాత్రి మొదలు తెల్లవాఱువఱకు ఏ యంత్రపు మూతయు నొంటరిగా తీయరాదు. ఆ కఱ్ఱ నా వంటయింట అట్లకాడ ప్రక్కను వ్రేలాడుచున్నది. మఱది వచ్చి యడిగి తీసికొనిపోవలయును. 2024 నవంబరులో రెండుమార్లు అడిగినాడు. ఒకమారు నేనును వెంట బోయి నిలుచుంటిని. రెండవమారు అతని కన్నులు చూచి, పండుకొని లేచి రమ్మంటిని. ఆ నిద్రలో పదుమూడు దేశములు పోయినవని నన్నింకను సాధించుచున్నాడు.