పరదేశంలో ఫోను, స్వదేశంలో బాధ్యత

నాగారంలో రాత్రి తొమ్మిదైతే దుబాయిలో ఏడున్నర. ఇక్కడ ఇషా నమాజు ముగించుకొని ఇల్లు చేరే వేళకు అక్కడ పని దిగిన కొడుకో, భర్తో లేబర్ క్యాంపు గదిలో మంచం మీద కూర్చొని ఫోను చేతిలోకి తీసుకుంటాడు. ఉప్పల్, నాచారం, నాగారం బస్తీల్లో గల్ఫ్‌తో బంధమున్న కుటుంబాలన్నీ ఈ గంటన్నర తేడాను లెక్క వేసుకొనే అన్నాలు వడ్డించుకుంటాయి. అయితే కొత్తగా వెళ్లినవాడి నుంచి మొదటి వారంలోనే ఒక ఫిర్యాదు వస్తుంది. వాట్సాప్‌లో మెసేజీ పోతోంది, ఫోటో పోతోంది, వాయిస్ నోటు పోతోంది, కానీ కాల్ మాత్రం కలవడం లేదు. తప్పు ఫోనుది కాదు, నెట్‌వర్కుది కాదు. ఆ దేశం వాట్సాప్ కాల్‌ను అనుమతించలేదు. ఈ సంగతి విమానం ఎక్కే ముందు అతనికి ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత జరిగేదే మనల్ని కలవరపెట్టవలసిన విషయం. ఇంట్లో చదువుకున్న తమ్ముడో, బావమరిదో వెంటనే ఒక ఉపాయం చెబుతాడు: "భాయ్, వీపీఎన్ పెట్టుకో, అంతా అదే చేస్తున్నారు." వీపీఎన్ అంటే ఫోను ఏ దేశంలో ఉన్నదో మరుగుపరచి, మరో దేశం నుంచి వాడుతున్నట్లు చూపే సాధనం. సలహా ఇచ్చినవాడు నాగారంలో నిశ్చింతగా ఉంటాడు. దాన్ని పాటించినవాడు ఉన్నది మరొక చట్టం కింద.

ఆ చట్టం ఏమంటోందో చూద్దాం. ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లో 2022 జనవరి 2 నుంచి అమలులో ఉన్న 2021 నాటి 34వ ఫెడరల్ చట్టం, నేరం చేయడానికో, చేసిన నేరం బయటపడకుండా ఉండడానికో ఇంటర్నెట్ చిరునామాను మార్చి చూపడాన్ని శిక్షార్హం చేసింది. జైలు విధించవచ్చు. 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల వరకు జరిమానా విధించవచ్చు. రెండూ విధించవచ్చు. వీపీఎన్ ఉండడమే నేరమని ఆ చట్టం చెప్పదు. బ్యాంకులూ కంపెనీలూ తమ పనులకు దాన్ని వాడుకుంటూనే ఉన్నాయి. నిషేధించిన సేవను అందుకోవడానికి వాడినప్పుడే చిక్కు. ఆఫీసులో కూర్చునే మేనేజరుకు నిత్యావసరమైన సాధనమే, క్యాంపు గదిలో తల్లితో మాట్లాడాలనుకునే కూలీ చేతిలో కేసుగా మారగలదన్నమాట. కాల్ చేసినవారందరినీ పోలీసులు వెంటాడుతున్నారని మేము చెప్పడం లేదు. కానీ యజమానితో జీతం తగాదా వచ్చిన రోజున, లేక మరేదో కేసులో ఫోను పోలీసుల చేతికి వెళ్లిన రోజున, అందులో ఉన్న ప్రతి వస్తువూ అతని మీదికే తిరగవచ్చు.

ఈ నిషేధాన్ని మర్యాద కోసమో, మతం కోసమో పెట్టారని మనలో కొందరు సమర్థిస్తుంటారు. అశ్లీల వెబ్‌సైట్లను మూయడానికి ఆ కారణం సరిపోవచ్చు గాని, తల్లీకొడుకుల మాటలకు సరిపోదు. వాట్సాప్ కాల్‌ను ఆపితే లాభపడేది టెలికాం వ్యాపారం. లైసెన్సు పొందిన బోటిమ్ వంటి యాప్‌లు మొదట వచ్చినప్పుడు వాటిని వాడుకోవడానికి నెలకు 50 దిర్హాముల ప్యాకేజీ కొనవలసి వచ్చింది. వెయ్యి, పన్నెండు వందల దిర్హాముల జీతంలో ఆ 50 చిన్న మొత్తమేమీ కాదు. 2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూతపడేసరికి అదే ప్రభుత్వం జూమ్, టీమ్స్ వంటి వాటికి దారి తెరిచింది. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులోనే ఇంటర్నెట్ కాల్స్ మీద నిషేధాన్ని సడలించింది. ఇస్లామీ పవిత్రస్థలాలున్న దేశమే తలుపు తెరిచినప్పుడు, పక్క దేశం మూసి ఉంచడానికి దీన్‌ను సాకుగా చూపడం కుదరదు.

కాబట్టి వెళ్లేవారికి మేము చెప్పేది ఇది. అనుమతి ఉన్న యాప్ ఏదో అక్కడికి చేరగానే కంపెనీలోని పాతవాళ్లను, టెలికాం దుకాణాన్ని అడిగి తెలుసుకోండి. ఇంట్లోవాళ్ల ఫోనులో కూడా అదే యాప్ వేయించండి. అమ్మీకి కొత్త యాప్ నేర్పడం కష్టమే, కానీ ప్రయాణానికి ముందు రెండు సాయంత్రాలు కూర్చొని నేర్పితే అది జీవితాంతం పనికొస్తుంది. వాయిస్ నోటును తక్కువగా చూడకండి. కాల్ కలవని చోట అది చేరుతుంది, మళ్లీ మళ్లీ వినవచ్చు కూడా.

కాల్ సంగతి ఇలా ఉండగా, ఫోనులో మనం ఏమి పంపుతున్నామన్నది దీనికంటే పెద్ద విషయం. రమజాన్ వస్తే మన మసీదు కమిటీల, మదర్సాల విరాళాల విజ్ఞప్తులు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయి. దుబాయిలో ఉన్న మనవాడు వాటిని మంచి మనసుతో అక్కడి స్నేహితుల గ్రూపులో పెడతాడు. అధికారిక అనుమతి లేకుండా ఆన్‌లైన్‌లో విరాళాలు కోరడం ఆ దేశంలో నేరం. పుణ్యం కోసం చేసిన పని కోర్టుకు చేర్చగలదు. కనుక మన కమిటీలకు ఒక మనవి: గల్ఫ్‌లో ఉన్న సోదరులకు విజ్ఞప్తి పంపేటప్పుడు, దాన్ని అక్కడ ఎవరికీ ఫార్వర్డ్ చేయవద్దని అదే సందేశంలో రాయండి.

రాజకీయాల మాటకొస్తే సౌదీలో జరిగింది చూశాం. బ్రిటన్‌లోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న సల్మా అల్ షెహాబ్ అనే సౌదీ మహిళ సెలవులకు స్వదేశం వచ్చి, ట్విట్టర్‌లో చేసిన పోస్టుల కారణంగా అరెస్టయింది. 2022లో అప్పీలు కోర్టు ఆమెకు 34 ఏళ్ల శిక్ష వేసింది. తర్వాత శిక్ష తగ్గి, 2025లో ఆమె విడుదలైంది. ఇద్దరు పిల్లల తల్లికి పోయిన ఆ ఏళ్లు మాత్రం తిరిగి రాలేదు. ఈ శిక్షను ఖండించడానికి మనం వెనుకాడకూడదు. ముస్లిం ప్రభుత్వం చేసిన అన్యాయం అన్యాయమే.

ఇంకొక సంఘటన మనకు మరింత దగ్గరిది. కర్ణాటకలోని కుందాపుర ప్రాంతం నుంచి సౌదీ వెళ్లి ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్న ఒక హిందూ సోదరుణ్ణి 2019 డిసెంబరులో అక్కడి పోలీసులు పట్టుకున్నారు. సౌదీ యువరాజును, మక్కాను కించపరిచే పోస్టు ఆయన పేరిట ఫేస్‌బుక్‌లో కనిపించడం కారణం. ఆ ఖాతా నకిలీదని, కర్ణాటకలోని మూడబిద్రిలోనే సృష్టించారని ఉడుపి పోలీసులు తేల్చి ఇద్దరు అన్నదమ్ములను అరెస్టు చేశారు. వారు మన సముదాయానికి చెందినవారు. ఆ మెకానిక్ 2021 ఆగస్టులో గాని ఇల్లు చేరలేదు. చేయని నేరానికి ఇరవై నెలలు పోయాయి. పౌరసత్వ సవరణ చట్టం మీద ఆనాడు దేశమంతా రగులుతున్న కోపం మనకూ తెలుసు, ఆ కోపంలో న్యాయమూ ఉంది. కానీ ఒక కూలీ మనిషిని పరాయి దేశపు జైలుకు పంపే పనికి ఆ కోపం సాకు కాజాలదు. మైనారిటీ హక్కుల గురించి రాసే పత్రిక ఈ మాట చెప్పకపోతే మిగతా మాటలకు విలువ ఉండదు.

గల్ఫ్ దాటి చూస్తే చిత్రం ఇంకా విచిత్రం. వైద్య విద్య కోసం చైనా వెళ్లిన పిల్లలకు అక్కడ వాట్సాప్ పనిచేయదు. అక్కడ అందరూ వాడేది వీచాట్. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం ఇక్కడ నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఒకటి. బిడ్డ ఫోనులో ఉన్న యాప్ తండ్రి ఫోనులో లేదు, తండ్రి ఫోనులో ఉన్నది బిడ్డకు అందదు. రెండు ప్రభుత్వాల పోట్లాటలో మధ్యన నిలిచింది ఒక కుటుంబం. మన దేశపు సిమ్‌ను అంతర్జాతీయ రోమింగ్‌తో వాడితే డేటా మన కంపెనీ ద్వారానే ప్రయాణిస్తుంది కాబట్టి చైనాలోనూ వాట్సాప్ సాధారణంగా తెరుచుకుంటుంది. ఖర్చు ఎక్కువే అయినా అత్యవసరానికి అది పనికొస్తుంది.

కర్బలా, నజఫ్ జియారత్‌కు వెళ్లేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. ఇరాక్‌లో 2015 నుంచి దాదాపు ఏటా జాతీయ పరీక్షల కాలంలో ప్రశ్నపత్రాలు బయటకు పొక్కకుండా తెల్లవారుజామున కొన్ని గంటలు దేశమంతటా ఇంటర్నెట్ ఆపుతున్నారు. పరీక్షలో కాపీ కొట్టేవాడి కోసం దేశం మొత్తానికి తాళం వేయడం వింతగా తోచినా, ఆ గంటల్లో ఇంటికి ఫోను కలవకపోతే ఇక్కడివారు బెంబేలెత్తనక్కరలేదు. ఇరాన్‌లో 2025 జూన్‌లో జరిగింది మాత్రం నిజంగా భయపడవలసినదే. ఇజ్రాయెల్ దాడుల మధ్య ఆ నెల 18 నుంచి ప్రభుత్వం ఇంటర్నెట్‌ను దాదాపు పూర్తిగా తెంచివేసింది. అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థుల తల్లిదండ్రులు బాంబుల వార్తలను టీవీలో చూస్తూ, పిల్లల గొంతు వినలేక గడిపారు. మన ప్రభుత్వం ఆపరేషన్ సింధు పేరుతో వారిని వెనక్కి తీసుకొచ్చింది. అలాంటి రోజుల్లో రాయబార కార్యాలయంలో పేరు నమోదై ఉన్న విద్యార్థిని వెతికి పట్టుకోవడం సులభం.

పరాయి దేశాలను ఇంతగా తూర్పారబట్టి మన ఇంటి సంగతి మరిస్తే అది న్యాయం కాదు. 2020 జనవరిలో భైంసాలో మత కలహాలు చెలరేగినప్పుడు ఇంటర్నెట్ ఆపారు. 2024 సెప్టెంబరులో జైనూరులో ముస్లింల దుకాణాల మీద దాడులు జరిగినప్పుడు మళ్లీ ఆపారు. 2022 మేలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో రోజుల తరబడి ఆపారు. వదంతులను అరికట్టడానికే అంటారు. కాని ఇల్లు కాలుతున్నవాడు సాయం కోరడానికి, జరిగినదానికి సాక్ష్యం భద్రపరచడానికి ఉన్న దారి కూడా ఆ వదంతితో పాటే మూసుకుపోతుంది. గల్ఫ్‌లో ఉన్న జైనూరువాడు ఆ రాత్రి ఇంటికి ఎలా ఫోను చేసి ఉంటాడు? కాశ్మీరులో 2019 ఆగస్టు 5న తెగిన 4జీ 2021 ఫిబ్రవరి వరకు తిరిగి రాలేదు. ఈ మధ్యలో, 2020 జనవరి 10న, అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు గడువు లేని ఇంటర్నెట్ నిలిపివేత చెల్లదని, ఆదేశాలను ప్రజలకు వెల్లడించాలని చెప్పింది. ఆ తీర్పు వచ్చిన తర్వాత కూడా మన జిల్లాల్లో ఎన్ని ఆదేశాలను ప్రజలు కళ్లారా చూశారో జిల్లా యంత్రాంగాలే చెప్పాలి.

ఇప్పుడు కొత్త చిక్కు ఒకటి. మోసాలను అరికట్టడానికని, వాట్సాప్ వంటి యాప్‌లు అదే నంబరు సిమ్ ఫోనులో ఉన్నప్పుడే పనిచేయాలని 2025 నవంబరులో కేంద్ర టెలికాం శాఖ కంపెనీలను ఆదేశించింది. గల్ఫ్‌లో మనవాళ్లలో చాలామంది స్థానిక సిమ్ వేసుకొని, భారతీయ నంబరు మీద వాట్సాప్ నడుపుతారు. పాత సిమ్ పెట్టెలోనో, నాగారంలో భార్య ఫోనులోనో ఉంటుంది. ఈ మార్పు వారి మీద ఎలా పడుతుందో ఢిల్లీలో కూర్చొని ఆదేశం రాసినవారు ఆలోచించారా? ఒక్క ఫోనులో రెండు సిమ్‌లు పట్టే సౌకర్యం ఉన్నవారు భారతీయ సిమ్‌ను చెల్లుబాటులో ఉంచుకోవడం మంచిది. బ్యాంకు ఓటీపీలకూ అది అవసరమే.

ప్రభుత్వాల నుంచి మనం అడగవలసింది పెద్ద కోరికేమీ కాదు. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వెళ్లే కార్మికులకు ప్రయాణానికి ముందు ఇచ్చే శిక్షణలో ఒక గంటను ఫోనుకు కేటాయించాలి. ఏ దేశంలో ఏ యాప్ చెల్లుతుందో, ఏది నేరమో తెలుగులోనూ ఉర్దూలోనూ కాగితం మీద అచ్చువేసి ఇవ్వాలి. నాంపల్లి హజ్ హౌస్‌లో జరిగే శిక్షణ శిబిరాల్లోనూ అదే చేయాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ తాను పంపే ప్రతి కార్మికునికీ దీన్ని వర్తింపజేయవచ్చు. విదేశాంగ శాఖ కూలీల ఒప్పందాలు మాట్లాడేటప్పుడు భోజనం, వసతి, వైద్యంతో పాటు ఇంటికి ఉచితంగా మాట్లాడే సౌకర్యాన్ని కూడా యజమాని బాధ్యతగా రాయించాలి. పాస్‌పోర్టు లాక్కున్న యజమాని మీద ఫిర్యాదు చేయాలన్నా, జీతం రాలేదని చెప్పాలన్నా, జనాజా వార్త తెలుసుకోవాలన్నా కార్మికునికి ఉన్నది ఆ ఫోనే.

అంతవరకు మన వంతు పని మనం చేద్దాం. నాగారం, నాచారం, ఉప్పల్ మసీదు కమిటీలు నెలకొక శుక్రవారం జుమా తర్వాత, గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన పెద్దల చేత కొత్తగా వెళ్లే కుర్రాళ్లకు ఈ సంగతులు చెప్పించవచ్చు. ఎమిరేట్స్‌కు వెళ్లేవారు భారత ప్రభుత్వ ప్రవాసీ సహాయ కేంద్రం నంబరు 800 46342ను ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. దానికి ఇంటర్నెట్ అక్కరలేదు, అక్కడి ఏ ఫోను నుంచైనా ఉచితంగా కలుస్తుంది. ఇంటి నంబరు కూడా అదే కాగితం మీద రాసుకోండి. నంబర్లన్నీ ఫోనులోనే ఉన్నాయనుకున్నవారికి, ఆ ఫోను యజమాని చేతిలోకో పోలీసుల చేతిలోకో వెళ్లిన రోజున భార్య నంబరు కూడా గుర్తుకు రాదు.